పాలలోనే వుందా పెరుగు?

మూడేళ్ళ పిల్ల పెరట్లోంచి గుప్పెటనిండా గులకరాళ్ళు పట్టుకుని పరిగెత్తుకొస్తుంది. "అమ్మా! చూడు, ఎన్ని రాయిలో!" అంటుంది. మనం నవ్వుకుని "రాయిలు కాదే, రాళ్ళు" అంటాం. మర్నాడు మళ్ళీ రాయిలే. ఇంకో ఇంట్లో పిల్లాడు రైలు కిటికీలోంచి "ఇల్లులు, ఇల్లులు" అని చూపిస్తాడు. పళ్ళు తోముకోమంటే "పన్నులు తోమేశా" అంటాడు. ఇవి విని ముద్దు చెయ్యని తల్లి వుండదు. చుట్టాలొచ్చినప్పుడు చెప్పుకుని మురిసిపోని అమ్మమ్మా వుండదు.

ముద్దు సంగతి అలా వుంచి ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ 'రాయిలు' అన్న మాట పిల్లకి ఎవరు నేర్పారు? మీరనలేదు, వాళ్ళ నాన్న అనలేదు, టీవీలోనూ రాలేదు. విన్నమాటని చిలకలా అప్పజెప్పడమే భాష నేర్చుకోవడమైతే, చెవిన పడని మాట నోటికెలా వచ్చింది? బొమ్మ బొమ్మలైంది, కాకి కాకులైంది, కుక్క కుక్కలైంది. కాబట్టి రాయి రాయిలు కావాలి. అంటే మన మాటల అడుగున వున్న లెక్కని ఆ పిల్ల తనంతట తానే పట్టేసిందన్న మాట! రాయిని రాళ్ళు చేసి సూత్రం తప్పింది మన భాషే గానీ పిల్ల కాదు.

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు దీన్ని చాలా తమాషాగా నిరూపించింది. పిట్టలాంటి ఒక బొమ్మ గీసి, "ఇది వగ్" అని పిల్లలకి చూపించింది. వగ్ అన్న మాట ఏ నిఘంటువులోనూ లేదు, ఆవిడ పుట్టించిందే. తర్వాత అలాంటివి రెండు చూపించి "ఇప్పుడు రెండు...?" అని ఆగింది. నాలుగేళ్ళ పిల్లలు కూడా చాలామంది తడుముకోకుండా "వగ్స్" అన్నారు. మన ఇంట్లో కూడా చెయ్యచ్చు. ఏదో పిచ్చిబొమ్మ గీసి "ఇది తుబ్బ" అనండి. రెండోది గీసి అడగండి. 'తుబ్బలు' అన్న మాట ఈ భూమ్మీద మొట్టమొదటిసారి మీ వంటింట్లోనే పుడుతుంది.

చామ్‌స్కీ గారి పేచీ

పిల్లలకి భాష ఎలా వస్తుందన్న ప్రశ్నకి ఒకప్పుడు అందరూ ఒప్పుకున్న జవాబొకటి వుండేది. పిల్ల ఏదో శబ్దం చేస్తుంది, అది సరైందైతే పెద్దవాళ్ళు మెచ్చుకుంటారు, పాలో బిస్కెట్టో చేతికొస్తుంది. అలా అలవాటవుతూ అవుతూ భాష వస్తుంది అని. పావురాలకీ ఎలకలకీ ఇలాగే విద్యలు నేర్పిన స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో మనుషుల భాష గురించి కూడా ఇదే చెబుతూ పుస్తకం రాశాడు. రెండేళ్ళ తర్వాత ముప్ఫయ్యేళ్ళ కుర్రాడొకడు ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ తుక్కుతుక్కు చేసి వదిలిపెట్టాడు. ఆ కుర్రాడే నోమ్ చామ్‌స్కీ. 1928లో ఫిలడెల్ఫియాలో పుట్టినవాడు. యుద్ధాలకి వ్యతిరేకంగా రాసేవాడిగా మన పత్రికల్లో ఆయన పేరు చాలామంది చూసే వుంటారు. కానీ పండితుల లోకంలో ఆయనకి పేరొచ్చింది వ్యాకరణం వల్ల.

ఆయన వాదన మన వంటింటి భాషలో చెప్పుకుందాం. పాలు తోడుపెట్టడం మనకి తెలియంది కాదు. చెంచాడు తోడు వేస్తే గిన్నెడు పెరుగవుతుంది. ఆ చెంచాలోంచే గిన్నెడూ రాలేదు కదా? పాలలో తోడుకునే గుణం వుంది కాబట్టే వచ్చింది. అదే చెంచాడు తోడు నీళ్ళలో వేసి తెల్లవార్లూ కూర్చోండి, నీళ్ళు నీళ్ళలాగే వుంటాయి. పిల్లల మెదడు పాలు, చుట్టూ వినిపించే మాటలు తోడు. తెలుగు తోడు పడితే తెలుగు, అరవం పడితే అరవం. మన ఇంట్లో పిల్లి కూడా పిల్లాడితో పాటు రోజంతా అదే తెలుగు వింటోంది. దానికి ఒక్క వాక్యం రాలేదేం?

మనిషై పుట్టిన ప్రతి బిడ్డా భాషకి కావలసిన అస్థిపంజరం లాంటిది మెదడులో పెట్టుకునే వస్తుందనీ, అది అన్ని దేశాల పిల్లలకీ ఒకటేననీ చామ్‌స్కీ అన్నాడు. దానికే విశ్వ వ్యాకరణం అని పేరు. బళ్ళో మనచేత బట్టీ వేయించిన విభక్తులూ సంధులూ కాదు సుమా! అవి ఏ భాషకా భాషకి వేరు. ఇది వాటన్నిటికీ అడుగున వుండే అచ్చు.

మీకు తెలియకుండా మీకు తెలిసిన వ్యాకరణం ఒకటి చూడండి. "సుజాత కమలతో తనకి జ్వరం వచ్చిందని చెప్పింది." జ్వరం ఎవరికి? సుజాతకే. "దానికి జ్వరం వచ్చిందని చెప్పింది" అంటే మాత్రం సుజాతకి కాదు, ఇంకెవరికో. ('తను' అన్న మాటని 'ఆవిడ' అనే అర్థంలో మర్యాదకి వాడేవాళ్ళ సంగతి వేరు.) ఈ తేడా మీకు ఏ మాష్టారూ చెప్పలేదు, మీరు మీ పిల్లలకీ చెప్పలేదు. అయినా బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఇందులో పొరపాటు పడదు. ఎవరూ నేర్పకుండా అందరికీ ఎలా తెలిసిందన్నదే చామ్‌స్కీ అడిగిన ప్రశ్న.

ఇక ప్రపంచంలో వున్న ఏడువేల భాషలూ ఒకే అచ్చులోంచి వచ్చాయా, చూడబోతే ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదే అంటారా? జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే ఆయన 1963లో ముప్ఫయి భాషలు పక్కపక్కన పెట్టి 45 సూత్రాలు తీశాడు. ఆ ముప్ఫయిలో మన పక్కింటి కన్నడం కూడా వుంది. మనం "బల్ల మీద పుస్తకం పెట్టింది" అంటాం. పని చెప్పే మాట చివర, 'మీద' అన్నది బల్ల తర్వాత. ఇంగ్లీషులో ఈ రెండూ తలకిందులు. పెట్టడం ముందొస్తుంది, 'మీద' కూడా బల్లకి ముందే వస్తుంది. విచిత్రం ఏమిటంటే క్రియ చివర పెట్టుకునే భాషలు దాదాపు అన్నీ మనలాగే 'మీద', 'లో', 'కింద' లాంటి వాటిని పేరు తర్వాతే పెట్టుకుంటాయి. జపాను భాషా అంతే, టర్కీ భాషా అంతే. వాళ్ళకీ మనకీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కడ ఏడిశాయి? అందుకే 1980ల నాటికి చామ్‌స్కీ, ఇదంతా స్విచ్చి లాంటిదన్నాడు. ఒక స్విచ్చి పైకి వేస్తే తెలుగు వరస, కిందికి వేస్తే ఇంగ్లీషు వరస. నాలుగు మాటలు వినగానే పిల్ల ఆ స్విచ్చి వేసేసుకుంటుంది.

మరి అమ్మ చేసిందేమిటి?

ఇక్కడ మనకి కాస్త రోషం రావడం సహజం. రాత్రీ పగలూ బిడ్డతో కబుర్లు చెప్పి, జోలపాడి, చందమామని చూపించి గోరుముద్దలు తినిపించిన తల్లి ఏమీ నేర్పలేదా? అంతా పుట్టుకతోనే వచ్చేసిందా?

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రోజర్ బ్రౌన్ ముగ్గురు పిల్లల ఇళ్ళలో మాటలు రికార్డు చేయించి యేళ్ళ తరబడి పరిశీలించాడు. ఆయనా, కామిల్ హాన్లన్ అనే ఆవిడా 1970లో చెప్పిన సంగతి ఏమిటంటే, తల్లులు దిద్దేది పిల్లల వ్యాకరణాన్ని కాదు, నిజానిజాల్ని. మన ఇళ్ళలోనూ అంతే. పిల్ల "నాన్న వచ్చింది" అంటే, "అవునా, తలుపు తియ్యి" అంటాం. అదే పోస్టుమాన్ వచ్చినప్పుడు "నాన్న వచ్చాడు" అని శుభ్రంగా చెప్పిందనుకోండి, "నాన్న కాదే, పోస్టుమాన్" అని దిద్దుతాం. ఈ లెక్కన పిల్లలు పెద్దయ్యేసరికి నిజాలే మాట్లాడుతూ వ్యాకరణం తప్పాలి. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం కదూ!

1977లో ఎలిస్సా న్యూపోర్ట్, హెన్రీ గ్లైట్‌మన్, లైలా గ్లైట్‌మన్ కలిసి పదిహేను తల్లీబిడ్డల జంటల మీద చేసిన పరిశోధనకి పెట్టిన పేరు నాకు భలే నచ్చింది. దాన్ని తెలుగులో చెప్పాలంటే, "అమ్మా, నేనే చేసుకుంటాలే!" తల్లి చిన్నచిన్న మాటల్లో మాట్లాడితే బిడ్డకి భాష తొందరగా వస్తుందన్న నమ్మకానికి వాళ్ళకి పెద్దగా ఆధారం దొరకలేదు. తల్లి మాటతీరు కొన్ని చిన్న విషయాల్లో సాయపడుతుంది, అవునా కాదా అని ఎక్కువ ప్రశ్నలడిగే తల్లుల పిల్లలకి ఇంగ్లీషులోని సహాయక క్రియలు తొందరగా పట్టుబడ్డాయి. మిగతాదంతా పిల్లలు తమ దారిన తామే కట్టుకున్నారు.

నాకైతే ఇందులో రోషం కన్నా వూరటే ఎక్కువ కనిపించింది. "నువ్వు మూతి ముడుచుకుని కూర్చుంటావు కాబట్టే వాడికి మాటలు రాలేదు" అని కోడల్ని దెప్పే ఇళ్ళు మనకి కొత్త కాదు. మాట ఆలస్యమైన ప్రతి పిల్లాడి వెనకా ఒక దోషిని నిలబెట్టాలి, ఆ దోషి తల్లే అయివుండాలి! మాట ఆలస్యానికి మొదట చూడవలసింది తల్లి నోరు కాదు, బిడ్డ చెవి. ఆ సంగతికే వస్తున్నాను. దానికి ముందు ఇంకొకావిడ గురించి చెప్పాలి.

చామ్‌స్కీ భార్య కేరల్ కూడా భాషాశాస్త్రవేత్తేనని చాలామందికి తెలియదు. ఇద్దరికీ 1949లో పెళ్ళయింది. ముగ్గురు పిల్లల తల్లయ్యాక, వియత్నాం యుద్ధానికి ఎదురు తిరిగిన భర్త జైలుకి వెళ్ళవలసివస్తే ఇల్లు గడవడానికి చేతిలో వుద్యోగం వుండాలని మళ్ళీ చదువు మొదలుపెట్టి డాక్టరేటు చేసింది. భర్త బల్ల దగ్గర కూర్చుని సిద్ధాంతం కడితే, ఈవిడ పిల్లల మధ్య కూర్చుని అది ఎంతవరకు నిజమో చూసింది. ఆవిడ పుస్తకం 1969లో వచ్చింది.

కళ్ళకి గంతలు కట్టిన బొమ్మనొకదాన్ని పిల్లల ముందు పెట్టి, 'ఈజ్ ద డాల్ ఈజీ టు సీ, ఆర్ హార్డ్ టు సీ?' అని అడిగింది. బొమ్మ ఎదురుగానే వుంది కాబట్టి దాన్ని చూడటం తేలికే. చిన్నపిల్లలు మాత్రం 'కష్టం' అన్నారు, బొమ్మ కళ్ళకి గంతలున్నాయి కదా మరి! 'చూసేది బొమ్మ' అని వాళ్ళు అనుకున్నారన్న మాట. అయిదేళ్ళకే భాష అంతా వచ్చేస్తుందనుకునేవాళ్ళకి, పదేళ్ళ దాకా ఇంకా కొన్ని ముడులు విప్పుకుంటూనే వుంటారని కేరల్ చూపించింది. మన తెలుగులో ఈ చిక్కే లేదు. "బొమ్మని చూడటం కష్టమా", "బొమ్మకి చూడటం కష్టమా" అని ఒక్క విభక్తితో తేల్చేస్తాం. ఎనిమిదో తరగతిలో విభక్తుల్ని తిట్టుకున్నందుకు ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవచ్చు.

పిల్లలు కట్టిన భాష

సరే, పాలలోనే గుణం వుందన్నారు. తోడు అసలు పడకపోతే ఏమవుతుంది? కావాలని ఏ బిడ్డనీ మాటలకి దూరంగా పెట్టి పరీక్ష చెయ్యలేం, చెయ్యకూడదు కూడా. కానీ ఎవరూ కావాలని చెయ్యకుండానే కొన్ని లక్షల ఇళ్ళలో ఈ పరీక్ష జరుగుతోంది. వినికిడి లేకుండా పుట్టిన పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకే పుడతారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. ఆ తల్లికి సైగభాష రాదు. బిడ్డకి మాట వినబడదు. ఒకే ఇంట్లో వుంటూ ఇద్దరి మధ్యా భాష లేదు.

సూజన్ గోల్డిన్-మెడో అనే శాస్త్రవేత్త ఫిలడెల్ఫియాలోనూ, తర్వాత చికాగోలోనూ ఇలాంటి పిల్లల ఇళ్ళకి వెళ్ళి వీడియోలు తీసింది. ఆ పిల్లలు చేతులతో సొంతంగా సైగలు పుట్టించుకున్నారు. అంతవరకు ఆశ్చర్యం లేదు, పుట్టినప్పటినుంచీ వినబడని పిల్ల మీకు తెలిస్తే మీరూ చూసే వుంటారు. ఆశ్చర్యం ఎక్కడంటే, ఆ సైగలకి ఒక వరస వుంది, కట్టుబాటు వుంది. తల్లులు చేసే సైగల్లో అది లేదు. 1998లో ఆవిడా, కరొలిన్ మైలాండరూ తైవాన్ పిల్లల్నీ అమెరికా పిల్లల్నీ పోల్చి చూస్తే, వినికిడి లేని ఈ రెండు దేశాల పిల్లల సైగలూ ఎవరి తల్లుల సైగలకన్నా ఒకదానికొకటే ఎక్కువ దగ్గరగా వున్నాయి. మహాసముద్రానికి చెరోవైపు వున్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసింది లేదు!

గోల్డిన్-మెడో 2008లో చేసిన ఇంకో ప్రయోగం మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు. ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, టర్కీ భాషలు మాట్లాడే పెద్దవాళ్ళని, నోరు విప్పకుండా చేతులతోనే ఒక సంఘటన చెప్పమంది. మొదటి మూడు భాషల్లో 'అమ్మాయి తోసింది పెట్టెని' అన్న వరస. కానీ చేతులతో చెప్పేటప్పుడు నలుగురూ 'అమ్మాయి, పెట్టె, తోసింది' అనే చూపించారు. అచ్చంగా మన తెలుగు వరస. సెలవుల్లో పిల్లలంతా పోగై మూగ అభినయాల ఆట ఆడేటప్పుడు, ఇంగ్లీషు మీడియం పిల్లల చేతులు ఏ వరసలో కదులుతాయో కనిపెట్టి చూడండి.

ఇంట్లో ఒంటరిగా వున్న బిడ్డ సైగలు అక్కడితో ఆగిపోతాయి. పదిమంది కలిస్తే? దానికి మధ్య అమెరికాలోని నికరాగువా అనే చిన్న దేశం జవాబు చెప్పింది.

1970ల దాకా అక్కడ వినికిడి లేని పిల్లలకి బడి లేదు, సంఘం లేదు, వాళ్ళందరికీ కలిపి ఒక సైగభాషా లేదు. ఎవరింట్లో వాళ్ళు. 1977లో రాజధాని మనాగ్వాలో వాళ్ళ కోసం ఒక బడి తెరిచారు. 1979లో విప్లవం వచ్చి సాండినిస్టాలు అధికారంలోకి వచ్చాక చదువుల మీద పట్టుదల పెరిగింది. 1980లో చేతిపనులు నేర్పే ఇంకో బడి పెట్టారు. 1983 నాటికి రెండు బళ్ళలో కలిపి నాలుగువందలకి పైగా పిల్లలు చేరారు.

టీచర్లు నేర్పింది సైగలు కాదు. పెదాలు చూసి స్పానిష్ మాటలు పోల్చుకోమన్నారు, వేళ్ళతో అక్షరాలు చూపించారు. మాటంటేనే ఏమిటో తెలియని పిల్లలకి అక్షరాలెందుకు? అది సాగలేదు. పాఠం సాగనిచోట ఆట సాగింది. ఆటస్థలంలో, బడి బస్సులో పిల్లలు ఎవరింటి సైగలు వాళ్ళు తెచ్చి కలిపారు. నీది కొంచెం, నాది కొంచెం. ఉమ్మడి కుటుంబంలో అయిదుగురు తోడికోడళ్ళ పుట్టిళ్ళ వంటలు కలిసి ఆ ఇంటి వంటగా మారినట్టు, ఒక ఉమ్మడి సైగల మూట తయారైంది. టీచర్లకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

1986లో విద్యాశాఖ పిలిస్తే జూడీ కెగ్ల్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త అక్కడికి వెళ్ళింది. మొదట పెద్దపిల్లల బడిలో చూసింది. సైగలు బాగానే వున్నాయి కానీ తడబాటు, పొడిమాటలు. తర్వాత చిన్నపిల్లల బడికి వెళ్తే చేతులు మంచినీళ్ళలా పారుతున్నాయి. ఎవరు ఎవరికిచ్చారు, ఎవరు ఎవర్ని చూశారు అన్నదాన్ని సైగ కదిలే దిక్కుతోనే పొదిగి చెప్పేస్తున్నారు. అది వ్యాకరణం. పెద్దలనుంచి తీసుకున్నది మూట, తిరిగిచ్చింది భాష!

1990లో అక్కడికి చేరి, తర్వాత యేళ్ళ తరబడి ఆ భాషని వెంటాడిన ఆన్ సెంగస్ 2004లో చూపించినది ఇంకా ముచ్చటగా వుంటుంది. ఒక పిల్లి దొర్లుతూ కొండ దిగే కార్టూను చూపించి, ఆ కథ చెప్పమన్నారు. వినగలిగినవాళ్ళు స్పానిష్‌లో చెబుతూ చేతులు వూపినప్పుడు, దొర్లడమూ దిగడమూ ఒకే వూపులో కలిపి చూపించారు. మొదటి తరం బధిరులూ చాలావరకు అంతే. తర్వాత తరాల పిల్లలు మాత్రం దాన్ని రెండు ముక్కలు చేశారు, ముందు దొర్లడం, తర్వాత దిగడం. కళ్ళెదుట రెండూ ఒక్కసారే జరిగాయి కదా, విడదియ్యడం ఎందుకు? ఎందుకంటే భాష చేసే పనే అది. విడదీసుకుంటే 'దొర్లుతూ ఎక్కింది', 'నడుస్తూ దిగింది' అని కావలసినట్టు మళ్ళీ కలుపుకోవచ్చు. పొడులు విడివిడిగా డబ్బాల్లో వుంటేనే పూటకో కూర చెయ్యగలం. ఈ తెలివి ఆ పిల్లలకి ఎవరు చెప్పారు? వాళ్ళకన్నా పెద్దవాళ్ళకే అది లేదే!

జెన్నీ పయర్స్‌తో కలిసి సెంగస్ 2009లో ప్రకటించిన పరిశోధన చదివినప్పుడు మాత్రం నాకు మనసంతా ఎలాగో అయింది. మొదటి తరం వాళ్ళ భాషలో 'తెలుసు', 'అనుకున్నాడు' లాంటి మనసుకి సంబంధించిన సైగలు చాలా తక్కువ. ఒకడు బొమ్మ ఒకచోట పెట్టి బయటికి వెళ్తే, ఇంకొకడు దాన్ని వేరేచోట దాచాడు. మొదటివాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మన ఇంట్లో అయిదేళ్ళ పిల్ల "పెట్టినచోటే" అంటుంది. అక్కడ ఇరవయ్యేళ్ళు దాటిన, వుద్యోగాలు చేసుకునే మనుషులు తప్పు చెప్పారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే వాళ్ళే సరిగ్గా చెప్పారు. ఈలోగా తమకన్నా చిన్నవాళ్ళతో కలిసి తిరుగుతూ 'అనుకోవడం' అన్న సైగలు నేర్చుకున్నారు. ఎదుటి మనిషి మనసులో ఒకటి వుంటుందని తెలియడానికి కూడా ఒక మాట కావాలన్న మాట.

గోరువెచ్చగా వున్నప్పుడే

ఇంతకీ చామ్‌స్కీ గెలిచాడా? అందరూ ఒప్పుకోరు. పెద్దల మనసులో ఏముందో కనిపెట్టే తెలివీ, విన్నవాటిలో పోలికలు వెతికే తెలివీ వుంటే చాలు, భాష కోసం ప్రత్యేకంగా ఒక వ్యాకరణం పుట్టుకతో రానక్కర్లేదని మైకేల్ టొమసెల్లో లాంటివాళ్ళు అంటారు. "మా రాధ అత్తగారి చెల్లెలి కూతురి ఆడబిడ్డ" అంటూ మనం ఒకదాన్లో ఒకటి ఎంతదూరమైనా దూర్చుకుపోతాం చూడండి, ఆ శక్తే మానవభాషకి మూలమని 2002లో చామ్‌స్కీ, ఇంకో ఇద్దరూ అన్నారు. అమెజాన్ అడవుల్లోని పిరహా అనే జాతి భాషలో అదీ లేదని డేనియల్ ఎవరెట్ 2005లో గొడవ లేవదీశాడు. పాపం, ఆ భాషలో పెళ్ళి సంబంధాలు మాట్లాడుకోవడం ఎలాగో! ఇక ఇప్పుడు కంప్యూటర్లు కూడా తప్పుల్లేని వాక్యాలు రాస్తున్నాయి, వాటికేం విశ్వ వ్యాకరణం వుందని అడిగేవాళ్ళున్నారు. కానీ వాటికి ఏ బిడ్డా పదిజన్మలెత్తినా విననన్ని మాటలు మేపవలసివచ్చింది. మన పిల్ల చెంచాడు తోడుతో తోడుకుంది. అందుకని, పుట్టుకతో వచ్చేది వ్యాకరణమే అనను గానీ, ఏమీ లేకుండా ఖాళీ గిన్నె పుట్టిందంటే మాత్రం నేనొప్పుకోను.

ఈ పండితుల తగువులో రెండు పక్షాలకీ పేచీ లేని విషయం ఒకటుంది. పాలు గోరువెచ్చగా వున్నప్పుడే తోడు వెయ్యాలి. చల్లారిపోయాక వేస్తే గట్టిపడదు. ఎలిస్సా న్యూపోర్ట్ 1990లో చెప్పిన లెక్క చూడండి. అమెరికా సైగభాషని పుట్టినప్పటినుంచీ నేర్చినవాళ్ళు, నాలుగైదారేళ్ళకి మొదలుపెట్టినవాళ్ళు, పన్నెండు దాటాక మొదలుపెట్టినవాళ్ళు అందరూ ముప్ఫయ్యేళ్ళకి పైగా రోజూ అదే భాష వాడారు. అయినా ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళ వ్యాకరణంలో ఆ లోటు అలాగే వుండిపోయింది. ముప్ఫయ్యేళ్ళ వాడకం కూడా ఆ మొదటి నాలుగేళ్ళకి సరితూగలేదు.

అలాంటి యేళ్ళని మనవాళ్ళు ఎలా పోగొడుతున్నారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. "మగపిల్లాడు, మాట ఆలస్యమే, వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గానీ రాలేదు" అంటూ ఒక యేడాది. మొక్కులతో ఇంకో యేడాది. తర్వాత చెవి పరీక్ష, మిషను, డబ్బుకి తిరగడం. ఈలోగా తల్లి సైగ చెయ్యబోతే, "చేతులు కదిపితే ఇంక నోరు తెరవడు, అలవాటు చెయ్యకు" అని ఇరుగుపొరుగే కాదు, చదువుకున్నవాళ్ళు కూడా ఆపుతారు. ఆ మాట ఇవాళ్టిది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల చదువు మీద సభ జరిపి, బళ్ళలో సైగభాష వద్దని తీర్మానించారు. ఓటు వేసినవాళ్ళలో వినికిడి లేనివాళ్ళు ఒక్కరో ఇద్దరో! ఆ తీర్మానానికి 2010లో వాంకూవర్‌లో జరిగిన అదే పరంపర సభ విచారం తెలియజేసింది. నూటముప్ఫయ్యేళ్ళు పట్టింది.

లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ వచ్చాక పిల్లలకి వినికిడి అవకాశం ఎంతో పెరిగింది, అది నిజంగా పెద్ద మేలు. ఆపరేషన్ అయిన పిల్లలకి సైగలు కూడా నేర్పాలా వద్దా అన్నదాని మీద నిపుణుల మధ్య వాదం ఇంకా తెగలేదు. బధిర తల్లిదండ్రులకి పుట్టి, సైగభాషలో పెరుగుతూ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలకి ఇంగ్లీషు బాగానే వచ్చిందని 2014లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చూపించింది. నా మట్టుకు నాకు తోచేది ఒక్కటే. ఆపరేషన్ అవుతుందో కాదో, అయినా మాట ఎప్పటికి తేటపడుతుందో తెలియని ఆ రెండు మూడేళ్ళూ బిడ్డ ఏ భాషలో ఆలోచించుకోవాలి? "అమ్మ ఎక్కడికి వెళ్ళింది, మళ్ళీ వస్తుందా" అని ఎవర్ని ఎలా అడగాలి? పిల్లల మెదడుకి తోడు చెవిలోంచి పడిందా కంటిలోంచి పడిందా అన్న పట్టింపు లేదని నికరాగువా పిల్లలు చూపించారు కదా.

పుట్టిన కొద్దిరోజులకే నొప్పి లేకుండా నిమిషాల్లో చెవి పరీక్ష చెయ్యచ్చు. పురిటికి వెళ్ళిన ఆస్పత్రిలోనే ఆ మాట అడగండి. సైగభాష విషయంలోనూ మన దేశంలో కాలం కొంత మారింది. 2015లో భారతీయ సైగభాషకి ఢిల్లీలో ఒక జాతీయ సంస్థ పెట్టారు. 2018లో మూడువేల మాటలతో ఆ సంస్థ నిఘంటువు మొదలై, 2021 నాటికి పదివేలకి చేరింది. మాటమాటకీ వీడియో వుంది, ఫోనులో చూసుకోవచ్చు. ఆ యేడే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ దాన్ని సెకండరీ స్థాయిలో ఒక పాఠ్యాంశం చేసింది. అయితే నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే మనకి ఇంగ్లీషు వచ్చిందా? సైగభాష బాగా వచ్చిన బధిరులతో తల్లీ బిడ్డా కలిసి కూర్చోవాలి, వాళ్ళ పిల్లలతో ఆడుకోవాలి. బడిబస్సులో పుట్టింది కదా నికరాగువా భాష, అలాగన్నమాట.

తల్లులు భయపడేది "ఈ వయసులో కొత్త భాషా?" అని. భారతీయ సైగభాష హిందీకో తెలుగుకో చేతులు తొడిగింది కాదు, దాని వ్యాకరణం దానిదే. కానీ అందులో పని చెప్పే సైగ సాధారణంగా వాక్యం చివరికే వస్తుంది. 'ఎవరు', 'ఎక్కడ', 'ఏమిటి' లాంటి ప్రశ్నలూ చివరే. అందుకని ఇంగ్లీషువాళ్ళు పేరడిగేటప్పుడు మొట్టమొదట పెట్టే 'ఏమిటి'ని, ఈ భాషలో 'నీ, పేరు, ఏమిటి' అని చివరికే అడుగుతారు. ఆ వరస తెలుగు తల్లికి ఎవరూ నేర్పక్కర్లేదు.